తక్కువ తిరిగిన బండా, బాగా తిరిగిన బండా?

ప్రశ్న: నా దగ్గర 1997 నాటి హోండా ఎస్‌టీ 1100 ఉంది. లక్షా డెబ్భై వేల కిలోమీటర్లు దాటింది. ఇంజను లోపల వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్టు ఒకసారి మార్పించాను. ఇంజనుకు ఇప్పటికీ వంక పెట్టడానికి లేదు. కానీ వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ దగ్గర తుప్పు, వెతికినా దొరకని కూలెంట్ గొట్టాలు, నాలుగు వారాలు ఆగితే మొరాయించే కార్బురేటర్లు... విసుగొచ్చింది. నాకు 57 ఏళ్ళు. ఏడాదికి రెండు మూడు దూర ప్రయాణాలు చేస్తాం, వెనక సీట్లో మా ఆవిడ ఉంటుంది. ఇప్పుడు రెండు సెకండ్‌హ్యాండ్ బళ్ళు చూసి వచ్చాం. ఒకటి 2004 నాటి ఎస్‌టీ 1300. 92,000 కి.మీ. తిరిగింది, పక్క పెట్టెల నిండా గీతలు. ఓనరు మాత్రం చేయించిన ప్రతి పనీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. రెండోది 2007 నాటి యమహా ఎఫ్‌జేఆర్ 1300. 19,000 కి.మీ. మాత్రమే తిరిగింది, అద్దంలా మెరుస్తోంది. వాళ్ళ నాన్నగారి బండట, కొన్నేళ్ళుగా కవరు కప్పి ఉంచారట. నా మనసు రెండోదాని మీదికి లాగుతోంది. మా ఆవిడ మొదటిదే బాగుందంటోంది. ఏం చేయమంటారు సార్?

జవాబు: మీ ఆవిడ ఎందుకలా అందో ముందు అడగండి. ఆ సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు. మీకు ఇంజనూ రంగూ కనిపించి ఉంటాయి, ఆవిడకు సీటు కనిపించి ఉంటుంది. రోజంతా ఆ వెనక కూర్చునేది ఆవిడే కాబట్టి ఆ ఓటును తేలిగ్గా తీసేయకండి.

నేనైతే 92,000 తిరిగిన ఎస్‌టీ వైపే మొగ్గుతాను. ఒక షరతు ఉంది, అది తర్వాత చెబుతాను.

సెకండ్‌హ్యాండ్ బండి అనగానే అందరి చూపూ మీటరు మీదికే పోతుంది. షెడ్డు నడిపిన రోజుల్లో నేను మీటరు చివర్లో చూసేవాణ్ణి. చైన్ బదులు వెనక చక్రాన్ని తిప్పే షాఫ్ట్, పెద్ద ట్యాంకు, పక్క పెట్టెలతో దూరం పోవడానికే చేసిన బళ్ళివి. లక్ష కిలోమీటర్లకే అలసిపోయే రకం కాదు. మీ 1100నే చూడండి. దాని టైమింగ్ బెల్టుకు కంపెనీ ఇచ్చిన గడువే సుమారు 1,44,000 కిలోమీటర్లు. ఆ బండి అంత దూరం పోతుందని నమ్మకపోతే ఆ అంకె వేయరు. 1300లో ఆ బెల్టు బెంగ కూడా లేదు, దాని బదులు చైన్ పెట్టారు.

కదలకుండా ఉన్న బండి సంగతి వేరు. 19,000ను ఏళ్ళతో భాగించి సగటు తీయకండి. బండి అలా సమానంగా తిరిగి ఉండదు. మొదట్లో కొన్నేళ్ళు తిరిగి, తర్వాత కవరు కింద పడుకుని ఉంటుంది. బండి పడుకున్నా లోపల జరిగేవి జరుగుతూనే ఉంటాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే పెట్రోలు తగలని రేకుకు లోపల తేమ పట్టి తుప్పు మొదలవుతుంది. ఉన్న పెట్రోలు పాతబడి జిగురు కట్టి, ఇంజెక్టర్ల సన్నని రంధ్రాలకు అడ్డం పడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి దాన్ని మార్చమనేది అందుకే. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. పెద్ద దిగుడులో బ్రేకు పట్టి పట్టి దిగేటప్పుడు లివర్ మెత్తబడి చేతికి దగ్గరగా వచ్చేస్తుంది. వెనక మనిషి, పెట్టెల్లో సామాను ఉన్నప్పుడు అది జరిగితే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఇవి కాక ముందు ఫోర్కుల్లో ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు ఎండిపోతాయి, రబ్బరు గొట్టాలు బిరుసెక్కుతాయి. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరకడం కూడా నేను చూశాను. ఇవేవీ మీటరు మీద కనపడవు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

అలాగని ఆ ఎఫ్‌జేఆర్‌ను ఇప్పుడే కొట్టేయకండి. అమ్మేవాళ్ళు చెప్పే కథకు బండి సాక్ష్యం చెబుతోందో లేదో చూడండి. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. బ్యాటరీ మీద కూడా చాలావాటికి తేదీ ఉంటుంది. సర్వీస్ పుస్తకంలో చివరి ముద్ర తేదీ ఎలాగూ ఉంటుంది. ‘కొన్నేళ్ళుగా ఆగింది’ అన్న మాట, ఈ మూడు తేదీలు ఒకదానితో ఒకటి పొసగాలి. టైర్లు 2010వి, బ్యాటరీ నిన్నటిది అయితే, అమ్మకానికి పెట్టడం కోసమే లేపి కూర్చోబెట్టారని తెలుసుకోండి. అది మోసమేమీ కాదు. కానీ అప్పుడు మీరు కొంటున్నది పడుకున్న బండి, దాని ధరా అలాగే ఉండాలి. ట్రెడ్ నిండుగా ఉంది కదా అని ఆ టైర్లతో ఇంటికి తోలుకురావద్దు. వయసు మీరిన రబ్బరు గోరు గుచ్చినా దిగదు. తడి రోడ్డు మీద దాన్ని నమ్మలేం.

ఆ మోడలుకు దానివే ఒకటి రెండు ఉన్నాయి. 2006లో యమహా ఈ బండిని బాగా మార్చింది. కాళ్ళకు తగిలే వేడి తగ్గించింది, ముందు వెనక బ్రేకులు కలిపింది, సీటు ఎత్తు మార్చుకునే వీలు పెట్టింది. 2007ది ఆ మార్పుల తర్వాతి బండి కాబట్టి అక్కడ మంచిదే. అయితే ఆ తరం బళ్ళు కొన్నింటిలో ఎర్త్ వైర్లన్నీ కలిసే కనెక్టర్లు వేడెక్కి నల్లబడటం ఓనర్లకు బాగా తెలిసిన గొడవ. దారి మధ్యలో మీటర్లు ఆరిపోవడం, ఇంజను ఆగిపోవడం దాని లక్షణాలు. ఆ పని చేయించారా అని అడగండి. ఛాసిస్ నంబరు కంపెనీవాళ్ళకు ఇస్తే రీకాల్ పనులు (లోపం ఉందని కంపెనీయే బళ్ళను వెనక్కి పిలిచి చేసేవి) ఏవి అయ్యాయో, ఏవి మిగిలాయో చెబుతారు. ఎస్‌టీకి కూడా ఇదే చేయండి.

ఇప్పుడు నా షరతు. ఎస్‌టీ 1300 బ్రేకులు కలిసి పనిచేస్తాయి. ముందు బ్రేకు పట్టినప్పుడు ఎడమ కాలిపర్ (బ్రేకు డిస్కును బిగించి పట్టుకునే భాగం) కొద్దిగా కదిలి, దానికి తగిలించిన చిన్న రెండో మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. అది వెనక బ్రేకుకు ఒత్తిడి పంపుతుంది. ఆలోచన గొప్పదే. కానీ బ్రేక్ ఆయిల్ ఏళ్ళతరబడి మార్చకపోతే ఆ చిన్న సిలిండర్‌లో మడ్డి చేరి, ఒత్తిడి వెనక్కి రావలసిన దారి మూసుకుపోతుంది. అప్పుడు మీరు వదిలినా వెనక బ్రేకు వదలదు. మెల్లగా రాసుకుంటూ, వేడెక్కుతూ, చివరికి చక్రం పట్టేసే దాకా వస్తుంది. పరీక్ష సులువు. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి న్యూట్రల్‌లో ఉంచండి. ఒకరు ముందు ఎడమ కాలిపర్‌ను చేత్తో గట్టిగా పైకి, ముందువైపుకు నెట్టాలి. ఆ సమయంలో వెనక చక్రం బిగుసుకోవాలి, వదలగానే మళ్ళీ మామూలుగా తిరగాలి. ఇలా కొన్నిసార్లు చేయండి. వదిలాక కూడా చక్రం బరువుగా తిరుగుతుంటే ఆ సిలిండర్ బాగుచేయించాక గానీ బండి కదిలించొద్దు. నోటుబుక్కులో బ్రేక్ ఆయిల్ తేదీలు వెతకండి. క్రమం తప్పకుండా ఉంటే ఈ పరీక్ష దాదాపు ఖాయంగా నెగ్గుతుంది.

నోటుబుక్కు రాసుకునే మనిషి అంటే నాకు ముందునుంచీ పక్షపాతం ఉంది, దాచను. అలాంటివాళ్ళు షాఫ్ట్ గేర్ ఆయిల్ మర్చిపోరు. వెనక చక్రం తీసినప్పుడల్లా షాఫ్ట్ కలిసే పళ్ళకు మాలీ పేస్టు (అరగకుండా రాసే నల్ల గ్రీజు) రాయిస్తారు. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్నని సందు) ఎప్పుడు చూశారో చెప్పగలరు. ఈ ఇంజనుకు అది సుమారు 25,000 కిలోమీటర్లకొకసారి. 92,000 నాటికి మూడుసార్లు రాసి ఉండాలి. ఎఫ్‌జేఆర్‌కు గడువు 40,000 ప్రాంతం కాబట్టి అక్కడ ఆ పని ఇంకా రాలేదు. అది ఆ బండికి ఒక మార్కు. పెట్టెల మీద గీతలంటారా, అవి పక్కకు ఒరిగినప్పుడు పడ్డవే కావచ్చు. ఈ బరువుకు నిలబడి ఉండగా ఒరగని బండి అరుదు. వేగంలో పడిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఆగే చోట ఫ్రేము మీది స్టాపర్ నొక్కుకుపోయిందేమో చూడండి. ఫెయిరింగ్ (బండి ప్లాస్టిక్ తొడుగు) లోపలి చెవులు విరిగి అతికించి ఉన్నాయేమో చూడండి. హ్యాండిల్ మధ్యకు వచ్చేచోట గుంటలో పడినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి. అది పెద్ద జబ్బు కాదు గానీ బేరానికి పనికొస్తుంది.

పాతదాన్ని వదిలేవాళ్ళు ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది. పాత బండిలో దేనికి అలవాటు పడ్డారు? మీ 1100 ట్యాంకు 28 లీటర్లు. 1300ది 29, ఎఫ్‌జేఆర్‌ది 25. పెట్రోలు బంకు కోసం వెతుక్కోకుండా పోవడం మీకు ముఖ్యమైతే మీ 1100 కంటే ఎఫ్‌జేఆర్‌లో తగ్గే ఆ మూడు లీటర్ల తేడా ప్రతి ప్రయాణంలోనూ తెలుస్తుంది. మీ బండి మీదకు చలిగాలి రాదు, 1300 మీదకు ఎండాకాలంలో వేడి వస్తుంది, మోకాళ్ళకు తగులుతుంది. అది నచ్చక అమ్మేసినవాళ్ళున్నారు. 1300 ముందు చక్రం మీదానిలాగే 18 అంగుళాలది, కాబట్టి టైర్ల ఎంపిక కాస్త తక్కువ. ఎఫ్‌జేఆర్‌ది 17, ఏ కంపెనీ టైరైనా దొరుకుతుంది. తోలుతుంటే కూడా అది ఎస్‌టీ కంటే చురుగ్గా మలుపు తిరుగుతుంది. మీరు ఒంటరిగా తోలేవారైతే నా సలహా మారేదేమో.

మీరు ఒంటరిగా తోలరు. అందుకని రెండు బళ్ళనూ మీ ఆవిడను ఎక్కించుకునే నడిపి చూడండి, కనీసం అరగంట. వెనక స్ప్రింగు ప్రీలోడ్ (ముందే ఇచ్చే బిగువు) ఇద్దరి బరువుకు తగ్గట్టు ముందే తిప్పండి. సరిపోని ప్రీలోడ్‌తో నడిపి, బండి బాగాలేదనేవాళ్ళను చూశాను. ఎస్‌టీ మీద ఒక సంగతి గమనించండి. వెనక పెద్ద టాప్ బాక్సు పెట్టి, బరువంతా దాన్లో వేసి, ముందు గాలికి అడ్డుండే అద్దం పూర్తిగా పైకి లేపి వేగంగా పోతే ఆ బండి నడుం ఊపుతుందన్న ఫిర్యాదు పాతదే. బరువైన సామాను పక్క పెట్టెల్లో కిందుగా వేసి, టాప్ బాక్సులో రెయిన్‌కోటు మాత్రం పెట్టుకుంటే ఆ బాధ చాలా వరకు ఉండదు. నడిపేటప్పుడు కరెంటు అద్దం పూర్తిగా పైకీ కిందికీ పోతోందో, ఏబీఎస్ దీపం తాళం తిప్పగానే వెలిగి, బండి కదిలాక ఆరిపోతోందో చూడండి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారేమో అని అనుమానించాలి. తాళాలు రెండూ ఇస్తున్నారా, పెట్టెలు అదే తాళంతో తెరుచుకుంటున్నాయా అన్నవి కూడా. ఇమ్మొబిలైజర్ (తన తాళాన్ని గుర్తిస్తేనే స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉన్న బండికి ఉన్న ఒక్క తాళమూ పోతే పెద్ద తలనొప్పి.

ఏది కొన్నా, చేతిలో ఉన్నదంతా ధరకే పెట్టేయకండి. టైర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఫోర్కు ఆయిల్, బ్యాటరీ... వీటికి సరిపడా పక్కన పెట్టుకుని, మిగిలినదాంట్లో బేరమాడండి. ఎఫ్‌జేఆర్‌కైతే వీటితో పాటు గొట్టాలు, సీళ్ళు, ఇంజెక్టర్ల శుభ్రం కూడా లెక్క వేయండి. ఆ మొత్తం అమ్మేవాళ్ళు తగ్గిస్తామంటే అది కూడా మంచి బండే. తగ్గించం అంటే, ఎస్‌టీ ఓనరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: అంకుల్, నా పాత 600 సీసీ బండి ఇచ్చేసి 2003 నాటి హోండా వీఎఫ్ఆర్ 800 తీసుకోవాలనుకుంటున్నాను. 38,000 కి.మీ. తిరిగింది. సర్వీస్ రసీదులు సగమే ఉన్నాయి. వాల్వుల పని చేయించినట్టు ఎక్కడా లేదు. ‘శబ్దం లేదు కదా, అక్కర్లేదు’ అంటున్నాడు అమ్మే అతను. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దమ్మా. వాల్వు బిగుసుకుంటే శబ్దం పెరగదు, తగ్గుతుంది. మౌనంగా ఉందంటే బాగుందని కాదు. 2002 నుంచి వచ్చిన వీఎఫ్ఆర్‌లో తక్కువ వేగంలో సిలిండర్‌కు రెండు వాల్వులే పనిచేస్తాయి. ఇంజను నిమిషానికి 7,000 చుట్ల దరిదాపులకు వచ్చాక మిగతా రెండూ కలుస్తాయి. దానివల్ల ఆ ఇంజనులో వాల్వుల పని మిగతావాటి కంటే ఓపికతో కూడుకున్నది, కూలీ కూడా ఎక్కువ. గడువు సుమారు 25,000 కిలోమీటర్లు. 38,000 బండికి అది అయిపోయి ఉండాలి. అవలేదంటే ఆ పని మీ నెత్తిన పడుతుంది. మీ మెకానిక్‌ను అడిగి ఎంతవుతుందో రాయించుకుని ఆ కాగితం అతనికి చూపించండి.

ఈ బండి దగ్గర నేను ఇంకోటి కూడా చూస్తాను, ఛార్జింగ్. ఈ వంశానికి రెగ్యులేటర్ రెక్టిఫయరు (బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే భాగం), దాని కనెక్టర్లు పాత బలహీనత. మల్టీమీటరు పట్టుకెళ్ళండి, సిగ్గుపడకండి. ఇంజను ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల ప్రాంతం చూపించాలి. స్టార్ట్ చేసి 5,000 చుట్ల దాకా లేపితే 13.5కూ 14.5కూ మధ్య ఉండాలి. 15 దాటినా, 13 కంటే కిందున్నా ఆగండి. హెడ్‌లైటు వేసి మళ్ళీ చూడండి. ఆ తర్వాత రెక్టిఫయరు కనెక్టరు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందేమో వేలితో తిప్పి చూడండి.

చైన్ బండి కాబట్టి చైన్‌ను వెనక స్ప్రాకెట్ మధ్యలో పట్టుకుని వెనక్కి లాగండి. పళ్ళు సగం కనిపించేంత ఎడంగా వస్తే మార్చే కాలం వచ్చింది. ఒంటి చేతి స్వింగార్మ్ కాబట్టి చక్రం తీయడం సుఖం. కానీ చైన్ సర్దడానికి ప్రత్యేకమైన పానా కావాలి, అది టూల్‌కిట్‌లో ఉందో లేదో అడగండి. పాత 600 నుంచి వస్తున్నారు కాబట్టి బరువు తేడా మొదటి వారం తెలుస్తుంది. నిలిపి ఉన్నప్పుడు నెట్టి చూసుకున్నాకే మాట ఇవ్వండి.

ప్రశ్న: బండి చూడ్డానికి వెళ్ళేసరికి అమ్మే ఆయన ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచాడు. ఇది మర్యాదా, దాపరికమా?

జవాబు: రెండూ కావచ్చు. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టబోయి వేడిగా ఉందని తెలిసిన వెంటనే ‘రేపు పొద్దున్నే వస్తాను, మీరు తాళం తిప్పకుండా ఉంచండి’ అని నవ్వుతూ చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజను స్టార్ట్ అయ్యేటప్పుడే పొగ రంగు, క్యామ్ చైన్ గలగల, బ్యాటరీ సత్తా తెలుస్తాయి. మొదట్లో నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ళు, తెల్లటి పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే హెడ్ గాస్కెట్ వైపు చూడాలి. మర్నాడు వెళ్ళినప్పుడు కూడా వేడిగానే ఉంటే ఇంకో బండి చూసుకోండి.